స్లోటర్‌మేర్‌లో పాత ఫ్లాటు, రేపటిలోగా డబ్బు కట్టమంటున్నారు

ప్రశ్న: అక్కా, మావారు మూడు నెలల క్రితం ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లారు. ఆఫీసు జౌడ్ స్టేషన్ దగ్గర. కంపెనీ ఇచ్చిన తాత్కాలిక వసతి గడువు అయిపోతోంది. నేనూ, నాలుగేళ్లు నిండబోతున్న మా బాబూ వచ్చే నెల బయల్దేరుతున్నాం. తెలిసినవాళ్లంతా మనవాళ్లు ఎక్కువగా ఉండే పక్క ఊరు ఆమ్‌స్టెల్‌వేన్‌లో చూడమంటున్నారు గానీ అక్కడి అద్దెలు మాకు అందడం లేదు. నగరానికి పడమర వైపు స్లోటర్‌మేర్‌లో ఒక ఫ్లాటు దొరికింది. 62 చదరపు మీటర్లు, 1950ల నాటి బిల్డింగు, మూడో అంతస్తు, లిఫ్టు లేదు. చుట్టూ చెట్లు, దగ్గర్లో చెరువు ఉన్నాయట. అద్దె 1,450 యూరోలు. ఏజెంటు మూడు నెలల డిపాజిట్టు, తన ఫీజు కింద ఇంకో నెల అద్దె అడుగుతున్నాడు. ఒప్పందం ఏడాదికే అన్నాడు. రేపటిలోగా కట్టకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తాడట. మావారి ఆఫీసులో వాళ్లేమో ఆ ఏరియా మంచిది కాదు, పిల్లాడితో వెళ్లకండి అంటున్నారు. వేసవిలో మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చి మూడు నెలలు ఉంటారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: చెల్లెమ్మా, ఆ ఏరియా గురించి భయపడకండి. రేపటిలోగా డబ్బు మాత్రం కట్టకండి. మీ ఉత్తరం చదువుతుంటే స్లోటర్‌మేర్ పేరు దగ్గర నాకు ఏ ఇబ్బందీ అనిపించలేదు. ఆ ఏజెంటు లెక్క దగ్గరికి వచ్చేసరికి మూడు చోట్ల ఆగిపోయాను. ఆ లెక్క సంగతి తర్వాత వివరంగా చెప్తాను. ముందు ఆ ఊరి సంగతి, ఎందుకంటే మీకు ఎక్కువ టెన్షన్ అక్కడే ఉన్నట్టుంది.

స్లోటర్‌మేర్ పక్కనే ఉన్న స్లోటర్‌వార్ట్‌లో నేను ఆరేళ్లు కాపురం చేశాను. ఈ రెండూ, వీటితో పాటు ఖోజెన్‌వెల్ట్, ఓస్‌డోర్ప్ కూడా ఒకే ఆలోచనతో పుట్టిన పేటలు. నగరం నడిబొడ్డున యోర్డాన్ లాంటి చోట్ల చీకటి గదుల్లో కుటుంబాలు కిక్కిరిసి ఉండే రోజుల్లో కోర్నెలిస్ వాన్ ఎస్టెరెన్, ఆయనతో పనిచేసిన యకోబా ముల్డర్ వంటివాళ్లు కలిసి నగర విస్తరణ ప్రణాళిక తయారుచేశారు. 1935లో దానికి ఆమోదం దొరికింది. వెలుతురు, గాలి, చోటు ప్రతి కుటుంబానికీ దక్కాలన్నది దాని సారాంశం. యుద్ధం వచ్చి అంతా ఆగిపోయింది. యుద్ధం ముగిశాక దేశమంతటా ఇళ్లకు ఎంత కరువొచ్చిందంటే, ఇళ్ల కొరతనే ప్రజల మొదటి శత్రువు అని పిలిచేవాళ్లు. అప్పుడు ఆ పాత ప్రణాళికే పైకి తీశారు. అందులో మొదట లేచిన పేట మీరు అడుగుతున్న స్లోటర్‌మేరే. 1952 అక్టోబరు 7న రాణి యులియానా వచ్చి ప్రారంభించారు.

మీరు చెప్పిన చెరువు పేరు స్లోటర్‌ప్లాస్. అది తవ్విన చెరువు. మెత్తటి పల్లపు నేల మీద ఇళ్లు కట్టాలంటే ఇసుక పోసి ఎత్తు చేయాలి. ఆ ఇసుక కోసం తవ్విన గొయ్యే ఈ చెరువయింది, 30 మీటర్లు దాటిన లోతుంది. దాని చుట్టూ పార్కు వేశారు. ఇప్పుడక్కడ సాయంత్రమైతే పిల్లల బళ్లు తోసుకుంటూ తల్లులు, చేపలు పట్టే పెద్దవాళ్లు, పరిగెత్తేవాళ్లు కనిపిస్తారు. మూడు, నాలుగు అంతస్తుల బిల్డింగుల మధ్య చోటు వదిలి గడ్డి, చెట్లు పెంచారు కాబట్టి మామూలు కిటికీలోంచి కూడా పచ్చదనమే కనబడుతుంది. డెబ్భై ఏళ్లలో ఆ చెట్లు బిల్డింగుల ఎత్తు దాటిపోయాయి. అదే ధరకు ఈ నగరంలో ఇంకెక్కడా ఇంత చెట్టునీడ దొరకదని నా నమ్మకం. ఆల్డో వాన్ ఐక్ అనే ఆర్కిటెక్టు 1947 నుంచి నగరమంతా ఏడు వందలకు పైగా చిన్న చిన్న ఆటస్థలాలు గీశాడు, వాటిలో కొన్ని ఈ పేటల్లో పడ్డాయి. ఇసుక గుంట, ఎక్కి ఆడుకునే ఇనప కమ్మీలు, అంతే. మీ బాబుకి అంతకంటే ఏం కావాలి?

మరి చెడ్డపేరు ఎందుకొచ్చిందంటే, ఆ కథ కూడా దాచను. మొదట చేరిన కుటుంబాల్లో చాలామంది 1970ల తర్వాత పుర్మెరెండ్, ఆల్మేరె వంటి కొత్త ఊళ్లలో పెరడున్న ఇళ్లకు వెళ్లిపోయారు. ఖాళీ అయిన చిన్న ఫ్లాట్లలోకి పని కోసం వచ్చిన మొరాకో, టర్కీ కుటుంబాలు చేరాయి. తక్కువ ఆదాయాలు, పాతబడిన ఇళ్లు, నిరుద్యోగం ఒకేచోట పోగయ్యాయి. 2007లో ప్రభుత్వం ప్రత్యేక శ్రద్ధ అవసరమని ప్రకటించిన 40 పేటల జాబితాలో ఈ పడమటి పేటలూ ఉన్నాయి. ఆ జాబితా పేరు ఇంకా వదల్లేదు. నిజంగా ఉన్న ఇబ్బందులు కూడా చెప్తాను: చెత్త డబ్బాల పక్కన సంచులు పడేసి పోతారు, వేసవి రాత్రుల్లో కుర్రాళ్ల స్కూటర్ల మోత ఉంటుంది, ఒక వీధికీ ఇంకో వీధికీ చాలా తేడా ఉంటుంది. నేను మాత్రం ఆరేళ్లూ రాత్రి పదింటికి ట్రామ్ దిగి ఒక్కదాన్నే నడిచి ఇంటికొచ్చాను. మా బిల్డింగులో కింది అంతస్తు టర్కీ అమ్మమ్మ నేను కానుపుకి వెళ్లే ముందు వారం రోజులు సూపు పంపింది. ఆఫీసులో వద్దన్నవాళ్లను ఒక్క మాట అడగమనండి: అక్కడికి మీరెప్పుడైనా వెళ్లారా అని. మీవారిని మాత్రం పనిరోజు రాత్రి ఒకసారి, శనివారం పగలు ఒకసారి ఆ వీధిలో అరగంట నడవమనండి. శనివారం ప్లైన్ 40-45 సంత కూడా చూసి రమ్మనండి.

ఆ సంత, దాని చుట్టూ ఉన్న టర్కీ దుకాణాలు మీ వంటింటికి పెద్ద అండ. కట్టలు కట్టలు కొత్తిమీర, పుదీనా, పచ్చిమిర్చి, వంకాయలు, బెండకాయలు సూపర్‌మార్కెట్ కంటే చవగ్గా దొరుకుతాయి. సురినామ్ వాళ్ల టోకో అనే కిరాణా దుకాణంలో కాకరకాయను సోప్రోపో అనీ, పొడుగు బొబ్బర్లను కౌసెబాండ్ అనీ అడగండి. కరివేపాకు, మినపగుళ్లు మాత్రం నెలకోసారి ఆమ్‌స్టెల్‌వేన్ వెళ్లి తెచ్చుకుంటే సరిపోతుంది.

మీవారి ఆఫీసు దూరం అసలు సమస్యే కాదు. దే వ్లుఖ్ట్‌లాన్ మెట్రో స్టేషన్ నుంచి 50 నంబరు రైలు నేరుగా జౌడ్ వెళ్తుంది, పావుగంట ప్రయాణం.

ఇక ఇల్లు. అసలు జాగ్రత్త ఇక్కడ కావాలి. ఆ రోజుల్లో త్వరగా, తక్కువ ఖర్చుతో, ఎక్కువ ఇళ్లు కట్టాలన్నదే లక్ష్యం. మీరు చూస్తున్న రకాన్ని పోర్టీక్‌ఫ్లాట్ అంటారు. ఒకే మెట్లదారి చుట్టూ ఆరో, ఎనిమిదో ఇళ్లు. గదులు చిన్నవి, 62 చదరపు మీటర్లంటే మన లెక్కలో 670 చదరపు అడుగులు కూడా ఉండదు. అయినా ముందు గది ఇటునుంచి అటుకి ఉండి రెండు వైపులా కిటికీలుంటే పగలంతా ఎండ వస్తుంది, ఇల్లు అంత చిన్నదనిపించదు. ఇక్కడ స్లోటర్‌మేర్‌లోనే 1950ల ఇంటిలా సామాను సర్దిపెట్టిన ఒక ఫ్లాటును వాన్ ఎస్టెరెన్ మ్యూజియం వాళ్లు చూపిస్తారు. మీవారు ఒకసారి చూస్తే, ఆ ఇంట్లో మీ సామాను ఎలా పడుతుందో ఆయనకే తెలిసిపోతుంది.

పాత ఫ్లాట్లకు డచ్చివాళ్లు వాడే మాటొకటి మీకు మొదటి నెలలోనే వినిపిస్తుంది: ఖెహోరిఖ్. అంటే పక్కింటి చప్పుడు మన ఇంట్లోకి వినిపించే ఇల్లు అని. గోడలు, ఫ్లోర్లు పల్చన. పొద్దున్నే ఆరింటికి మిక్సీ వేస్తే కింది ఇంటివాళ్లు లేస్తారు. నేను మిక్సీ కింద మడిచిన దుప్పటి వేసి, పచ్చళ్లూ పొళ్లూ సాయంత్రం ఏడులోపు రుబ్బుకునేదాన్ని. చేరిన వారంలోనే కింద, పైన ఇళ్లకు వెళ్లి పేరు చెప్పుకుని, చిన్నపిల్లాడున్నాడు, ఎప్పుడైనా ఇబ్బందయితే చెప్పండి అంటే సగం గొడవలు పుట్టనే పుట్టవు. చాలా బిల్డింగుల్లో గట్టి ఫ్లోరింగు వేయాలంటే కింద చప్పుడు ఆపే పొర తప్పనిసరి అని నియమం ఉంటుంది, అది కూడా అడగండి.

దానికంటే నన్ను బాధపెట్టింది చెమ్మ. మా మొదటి ఇంట్లో డిసెంబరులో బీరువా జరిపితే వెనక గోడంతా నల్లటి బూజు. చలికి కిటికీలన్నీ మూసి, బట్టలు పడకగదిలో ఆరేసి, పైగా రోజూ పప్పు, అన్నం, సాంబారు ఆవిర్లు. గోడకు చలి ఆపే పొర లేదు, అద్దాలు ఒంటి అద్దాలు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఇంటి యజమాని అదంతా మా నిర్లక్ష్యమే అన్నాడు, డిపాజిట్టులో 600 యూరోలు తగ్గించాడు. చేరిన రోజు గోడలు ఎలా ఉన్నాయో నా దగ్గర ఒక్క ఫొటో లేదు. ఇంటి కట్టడంలో లోపం వల్ల వచ్చే బూజును బాగుచేయించాల్సింది యజమానేనని నాకు తర్వాత తెలిసింది. ఆ 600 యూరోలు అప్పట్లో మాకు చాలా పెద్ద మొత్తం. అందుకే చెప్తున్నాను: మీవారు ఇల్లు చూసేటప్పుడు పడకగదిలో బయటి గోడ మూలల్లో చెయ్యి పెట్టి చూడాలి. కొత్తగా వేసిన రంగు ఒక్క మూలలోనే ఉంటే ఎందుకని అడగాలి. కిటికీలకు రెండు పొరల అద్దాలున్నాయా, వంటింట్లో, స్నానాల గదిలో గాలి లాగే గొట్టం పనిచేస్తోందా, ఇల్లు వేడిని ఎంత బాగా నిలుపుతుందో చెప్పే ఎనర్జీ లేబుల్ ఏ అక్షరమో అడగాలి. ఆ గొట్టానికి ఒక కాగితం ముక్క ఆనిస్తే అంటుకోవాలి, జారిపడితే అది పనిచేయడం లేదన్నమాట. తాళాలు తీసుకున్న రోజున గోడ గోడకీ ఫొటోలు తీసి యజమానికి ఈమెయిల్ చేసేయండి.

ఇంకోటి. డచ్ ప్రకటనలో కాల్ అని రాసి ఉంటే ఇల్లు ఖాళీ అని మాత్రమే అనుకోకండి. ఫ్లోరింగు కూడా ఉండదు, ఉత్త సిమెంటు నేల. కర్టెన్లు, లైట్లు ఉండవు. ఖెస్టొఫేర్ట్ అంటే ఫ్లోరింగు, కర్టెన్లు ఉంటాయి. ఖెమ్యుబిలేర్ట్ అయితే మంచాలు, సోఫా కూడా. కాల్ ఇల్లయితే వెళ్లిపోయేవాళ్లు తమ ఫ్లోరింగు, కర్టెన్లు మీకు అమ్మజూపుతారు, దాన్ని ఓవర్‌నామె అంటారు. బేరం ఆడొచ్చు, వద్దనొచ్చు.

ఇప్పుడు ఆ లెక్క. 2023 జులై 1 నుంచి కొత్త ఒప్పందాలకు డిపాజిట్టు రెండు నెలల మూల అద్దె (సర్వీసు ఖర్చులు కలపని అద్దె) మించకూడదు. మీ ఏజెంటు మూడు అడుగుతున్నాడు. ఇంటి యజమాని తరఫున పనిచేసే ఏజెంటు అద్దెకు వచ్చేవాళ్ల దగ్గర ఫీజు తీసుకోకూడదు. మీ ఏజెంటు ఒక నెల అద్దె అడుగుతున్నాడు. 2024 జులై 1 నుంచి గడువు లేని ఒప్పందమే మామూలు పద్ధతి, ఏడాది ఒప్పందాలు చట్టం చెప్పిన కొన్ని సందర్భాల్లోనే చెల్లుతాయి. మీ ఏజెంటు ఏడాదికే అన్నాడు. మీరు మూడు వాక్యాల్లో రాసిన షరతుల్లో మూడూ ప్రశ్నించాల్సినవే.

అద్దె మొత్తం కూడా అలాగే. నెదర్లాండ్స్‌లో ఇంటికి పాయింట్లు వేస్తారు. గదుల విస్తీర్ణానికి చదరపు మీటరుకు ఒకటి, ఆపైన వంటిల్లు, స్నానాల గది, ఎనర్జీ లేబుల్, బాల్కనీ, ఇంటికి మున్సిపాలిటీ నిర్ణయించిన విలువ, ఇలా. 2024 జులై 1 నుంచి 186 పాయింట్ల వరకు ఉన్న ఇళ్లన్నిటికీ కొత్త ఒప్పందాల్లో అద్దెకు చట్టబద్ధమైన గరిష్ఠ పరిమితి ఉంది. 2025లో కొత్త ఒప్పందాలకు 186 పాయింట్ల ఇంటికి గరిష్ఠ మూల అద్దె 1,184.82 యూరోలుగా ఉండేది, ప్రతి జనవరిలో ఆ సంఖ్య మారుతుంది. మీరు చెప్పిన 1,450 మూల అద్దే అయితే ఆ ఇంటికి కనీసం 187 పాయింట్లు ఉండాలి. 1950ల నాటి 62 చదరపు మీటర్ల ఫ్లాటుకు అన్ని రావాలంటే ఇంటిని బాగా ఖర్చుపెట్టి బాగుచేసి ఉండాలి. 2025 జనవరి 1 నుంచి కొత్త ఒప్పందంతో పాటు ఈ పాయింట్ల లెక్క కాగితం ఇవ్వడం యజమాని బాధ్యత. మీరు దాన్ని అడగడం గొంతెమ్మ కోరికేమీ కాదు. హ్యూర్‌కమిస్సీ అనే ప్రభుత్వ సంస్థ వెబ్‌సైటులో మీవారే ఇంటి వివరాలు వేసి లెక్క సరిచూసుకోవచ్చు. అద్దె ఎక్కువని తేలితే అదే సంస్థకు ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు 25 యూరోలు, మీరు గెలిస్తే అది తిరిగొస్తుంది. ఒప్పందం మొదలైన ఆరు నెలల్లోపే చేయండి, ఆలస్యం వద్దు. ఆమ్‌స్టర్‌డామ్‌లో వోన్ అనే సంస్థ అద్దెకుండేవాళ్లకు ఉచితంగా సలహా ఇస్తుంది. మొహమాటపడకుండా వెళ్లమనండి.

1,450లో ఏమేం కలిసి ఉన్నాయో కూడా రాతపూర్వకంగా అడగండి. మూల అద్దె విడిగా, మెట్లు తుడవడం వంటి సర్వీసు ఖర్చులు విడిగా చూపించాలి. కరెంటు, గ్యాసు, నీళ్లతో పాటు చెత్త పన్ను, నీటి బోర్డు పన్ను కూడా అద్దెకున్నవాళ్ల మీదే పడతాయి. ఇవన్నీ కలిపాకే ఆ ఇల్లు మీకు అందుబాటులో ఉందో లేదో తెలుస్తుంది.

కాగితాల్లో రెండే విషయాలు చూడండి. మొదటిది, ఆ చిరునామా మీద మున్సిపాలిటీలో మీ ముగ్గురి పేర్లు నమోదు చేయనిస్తారా? చేయనివ్వకపోతే ఎంత పచ్చగా ఉన్నా ఆ ఇల్లు వదిలేయండి. మీకు బీఎస్ఎన్ అనే పౌర గుర్తింపు నంబరు రావడం, ఆపైన బ్యాంకు, ఆరోగ్య బీమా అన్నీ ఆ నమోదుతోనే ముడిపడి ఉంటాయి. బాబు బడికి కూడా చిరునామాయే ఆధారం. ఇక్కడ నాలుగేళ్లకే బడిలో వేస్తారు, ఐదు నుంచి తప్పనిసరి. రెండోది, ఆ ఇల్లు నిజంగా వాళ్లదేనా? మనం స్థలం కొనేముందు ఈసీ తీయించినట్టే ఇక్కడ కడాస్టర్ అనే భూరికార్డుల సంస్థ నుంచి కొద్ది యూరోలకు యజమాని పేరు తెలుసుకోవచ్చు. ఈ పేటల్లో చాలా బిల్డింగులు కూల్చి కొత్తవి కడుతున్నారు. అలాంటి ఇళ్లను కూల్చేదాకా తాత్కాలికంగా ఇస్తుంటారు, అందులో మీకు మామూలు రక్షణ ఉండదు. ఈ ఏడాది ఒప్పందం అలాంటిదేమో సూటిగా అడగండి. కొన్ని ఇళ్లకు మున్సిపాలిటీ అనుమతి పత్రం కూడా కావాలి, అదీ అడిగి తెలుసుకోండి.

అత్తయ్యగారి విషయం మీరు చివర్లో రాశారు గానీ నేనైతే దాన్ని ముందు పెడతాను. ఆ బిల్డింగుల మెట్లు నిటారుగా, ఇరుగ్గా ఉంటాయి. మోకాళ్ల నొప్పులతో మూడో అంతస్తు ఎక్కిన పెద్దావిడ మళ్లీ దిగడానికి భయపడుతుంది. మా అమ్మ అలాగే పది రోజులు ఇంట్లోంచి కదల్లేదు, చెరువు కిటికీలోంచే చూసింది. వేసవిలో ఆవిడ రోజూ కిందకి దిగి చెట్ల కింద బెంచీ మీద కూర్చోగలిగితేనే మూడు నెలలు గడుస్తాయి. అందుకని ఇదే పేటలో, లేకపోతే స్లోటర్‌వార్ట్‌లోనో ఓస్‌డోర్ప్‌లోనో కింది అంతస్తు గానీ లిఫ్టున్న బిల్డింగు గానీ దొరుకుతుందేమో ఈ వారమే వెతకమనండి. దొరక్కపోతే మొదటి అంతస్తు దాకా ఫర్వాలేదు.

ఈ రాత్రే మీవారిని ఏజెంటుకి ఈ మాటలు ఈమెయిల్ చేయమనండి: "ఇల్లు మాకు నచ్చింది. పాయింట్ల లెక్క, ఎనర్జీ లేబుల్, మూల అద్దె, సర్వీసు ఖర్చులు విడివిడిగా పంపండి. ఆ చిరునామాలో ముగ్గురు నమోదు చేసుకోవచ్చని రాసివ్వండి. డిపాజిట్టు రెండు నెలలు ఇస్తాం. మీరు యజమాని తరఫున పనిచేస్తున్నారు కాబట్టి మీ ఫీజు మేం కట్టం. ఒప్పందం ఏడాదికే ఎందుకో కారణం చెప్పండి." రేపు సాయంత్రంలోగా ఆ కాగితాలన్నీ వస్తే అప్పుడు మెట్ల గురించి ఆలోచించవచ్చు. రాకపోతే ఇంకో ఇల్లు చూడండి. ఆయన ఏం జవాబిచ్చాడో నాకు తప్పకుండా రాయండి.